ఇంటర్ పొట్టేలు

మా ఊళ్లో పరీక్ష తప్పినవాడికి కొన్నాళ్లే తలవంపులు. ఆ తర్వాత జనానికి మాట్లాడుకోవడానికి ఇంకొకరు దొరుకుతారు. నా విషయంలో అలా జరగలేదు. నా పరీక్షకు కాళ్లూ కొమ్ములూ ఉన్నాయి, అది వీధంతా తిరుగుతూ అందరికీ కనబడేది.

మాది కంబదూరు దగ్గర పల్లె. నన్ను కళ్యాణదుర్గంలో ఇంటర్‌లో చేర్చిన రోజే మా అమ్మ ఆంజినమ్మ సుంకులమ్మ గుడి ముందు నిలబడి, అందరూ వినేటట్టు మొక్కుకుంది. కొడుకు పాసయితే పొట్టేలును కోసి వీధికంతా అన్నం పెడతానంది. మా నాయన తిమ్మన్న గొర్రెలు కాస్తాడు. అమ్మ ఆయన మందలో మంచి పొట్టేలు పిల్లను ఏరి, చెవి కొస కత్తిరించి, మెడకు పసుపు దారం కట్టింది. అలా మొక్కిన పొట్టేలును మావాళ్లు అమ్మరు, కొట్టరు. అది ఎవరి చేలో పడి మేసినా నోరు మూసుకోవాల్సిందే. రెండేళ్లూ అది ఊరివాళ్ల వేరుశనగ చేలన్నీ మేసి బాగా బలిసింది. నేను ఫిజిక్సులోనూ లెక్కల్లోనూ తప్పాను.

ఫలితాలు ఇప్పుడు ఫోనుకే వస్తాయి కాబట్టి దాచడానికి వీల్లేదు. ఆ రోజు ఫోను మంచం మీద పడేసి, ఎవరికీ చెప్పకుండా ఎండిన చెరువులోకి పోయి తుమ్మచెట్ల మధ్య కూర్చున్నాను. పొద్దు గుంకాక ఇంటికొస్తే అమ్మ సంగటి పెట్టింది. ఆమె కాళ్ల నిండా ముళ్లు గీరుకుని ఉన్నాయి. ఎందుకని నేను అడగలేదు. నా బాధే నాకు ఎక్కువైంది.

మర్నాటి నుంచీ మొదలైంది. దానికి ఇంటర్ పొట్టేలు అని పేరు పెట్టిన పుణ్యాత్మురాలు పక్కింటి నాగలక్ష్మమ్మ పెద్దమ్మ. "ఏమప్పా రామాంజీ, మీ ఇంటర్ పొట్టేలు మా బెండ చెట్లు మేసిపోయినాది. కోసేది ఎప్పుడన్నా ఉండాదా?" అంది. టీ అంగడి సోమప్ప సంగతి తెలిసే విందెప్పుడని అడిగేవాడు, తెలియనివాళ్లు నిజంగానే అడిగేవాళ్లు. ఆ దిక్కుమాలినది కూడా నేను ఎటు పోతే అటు నా వెనకే వచ్చేది, అది పిల్లగా ఉన్నప్పుడు నేనే మేపాను మరి. దాన్ని చూసి, నన్ను చూసి జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

నాయన నా మొహం చూడకుండా ఒకే మాటన్నాడు. "సప్లిమెంటరీకి ఫీజు కట్టేదానికి ఇంకా టైముండాదంట." మళ్లీ రాసి మళ్లీ తప్పితే? దానికంటే బెంగళూరు పోవడం మేలనుకున్నాను. మా చిన్నాయన కొడుకు సురేంద్ర అక్కడ సెంట్రింగు పనిలో ఉన్నాడు. అయితే నేను పోయినా ఆ పొట్టేలు వీధిలో తిరిగినన్నాళ్లూ నా పేరు తిరుగుతూనే ఉంటుంది. ముందు దాన్ని వదిలించుకోవాలి.

కళ్యాణదుర్గం నుంచి గౌస్ పీర్ గొర్రెలు కొనడానికి మా ఊరికి వస్తుంటాడు. ఒకరోజు దారం తెంపి జేబులో పెట్టుకుని, పొట్టేలును రోడ్డు మీద ఆగిన ఆయన బండి దగ్గరికి తోలుకుపోయాను. ఆయన దాని వీపు తడిమి సంతోషపడ్డాడు. తర్వాత చెవి పట్టుకుని చూశాడు.

"ఇది మొక్కుబడిది కదప్పా. దారం యాడ పోయినాది?"

నా చెయ్యి జేబు మీదికి పోయింది.

"మీ అమ్మను పిలుచుకోని రా. అమ్మోరికి ఇచ్చిన దాన్ని మీయమ్మకు తెలీకుండా నేనెట్ల కొనేది?"

ఆయన మెల్లగానే అన్నాడు. కానీ సోమప్ప అంగడి ముందు బెంచీ నిండా జనం ఉన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పరీక్ష తప్పినవాడిని కాస్తా ఇప్పుడు దేవత సొమ్ము అమ్ముకునే దొంగనయ్యాను.

ఎవరు చెప్పారో, అమ్మే వచ్చింది. అరవలేదు. చెయ్యి చాపింది. జేబులోంచి దారం తీసి ఇచ్చాను. అక్కడే, అందరి ముందూ పొట్టేలు మెడకు కట్టి ఇంటికి నడిచింది. వెనక నేను, నా వెనక అది.

"యాల అమ్మల్లనుకుంటివి?" అంది ఇంటి ముందర కూర్చుని.

"దాన్ని చూస్తే సిగ్గయితాందిమా. నేను పాసయ్యేది లేదు, అది తెగేది లేదు. బెంగళూరికి పోతా."

అమ్మ పొట్టేలు మెడలో దారం ముడి బిగించింది.

"దాన్ని ఇయ్యాల్సిన పొద్దు ఎప్పుడో వచ్చినాది రా. నేనే ఆపినా."

నాకు అర్థం కాలేదు.

"ఆ పొద్దు నువ్వు ఫోను ఈడ పడేసి పోతివి. ఎంతసేపటికీ రాకపోతివి. మన చేలో బావి చూసినా. సోమప్పోళ్ల బావి చూసినా. వంక కాడ పాత బావి చూసినా. పాసూ వద్దు ఏమీ వద్దు తల్లీ, నా కొడుకును ఇంటికి తోలుకోని రా, ఈ పొట్టేల్ను నీకిస్తా అంటి."

మా ఊరి బావుల్లో నేను పుట్టినప్పటి నుంచీ చుక్క నీళ్లు లేవు. ఆ సంగతి అమ్మకు తెలియదా? అయినా ముళ్లలో పడి అన్నిట్లోకీ తొంగి చూసింది.

"మరి యాల ఇయ్యలేదుమా?"

"ఫెయిలయినదానికి విందు చేసినారని జనాలు నవ్వుతారు. నీకు ఇంకా సిగ్గయితాదని."

ఇన్నాళ్లూ మార్కుల కోసం పడింది అసలు సిగ్గే కాదు. ఆమె కాళ్లు చూసి కూడా అడగకుండా సంగటి తిన్నానే, అందుకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మర్నాడు కళ్యాణదుర్గం పోయి సప్లిమెంటరీకి ఫీజు కట్టాను. పాసవుతానని ధైర్యం వచ్చి కాదు, ఈసారి దాక్కోకూడదని. వచ్చి, మంగళవారం మొక్కు తీర్చేద్దామని అమ్మతో నేనే అన్నాను.

మంగళవారం వీధంతా మా ఇంటి ముందు కూర్చుంది. వడ్డన నాదే. నాగలక్ష్మమ్మ పెద్దమ్మ విస్తరి పక్కన పులుసు ఒలికించాను.

"పాసయితివా ఏమప్పా? చెప్పనే లేదే," అంది ఆమె, అందరికీ వినబడేలా.

"లేదు పెద్దమ్మా. ఫిజిక్సూ లెక్కలూ పోయినాయి. మళ్లా రాస్తాండా."

మొహం మండిపోతోంది. అయినా ఆమె విస్తరిలో పులుసు పోశాను.

"మరి పొట్టేల్ను యాల కోసినారప్పా?"

గంగాళం దగ్గర అమ్మ గరిటె ఆపింది.

"రిజల్ట్సు వచ్చిన పొద్దు నేను ఇంటికొచ్చినందుకు," అన్నాను.

పెద్దమ్మ మా అమ్మ వైపు చూసింది. తర్వాత విస్తరి నా వైపు జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమంది.