కార్వెన్ లేని పటం

ఎవరిల్ ట్రెస్కాట్ రాసే మాయారాజ్యాల నవలల్లో ఒక్క ఊరు పుట్టాలన్నా ముందు భర్త క్లెమెంట్ పటం గీయాలి. ఎనిమిది నవలలూ అలాగే వచ్చాయి. మొదటిదాంట్లో ఆయన పొరపాటున ఒక నదిని సముద్రం నుంచి కొండల్లోకి పారించాడు. దిద్దమనకుండా ఆవిడ ఆ నదికో శాపం అంటగట్టింది. ఆ శాపమే ఇద్దరికీ ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది.

ఇక చివరి నవల మిగిలింది. ఈలోగా వణుకుడు జబ్బు క్లెమెంట్ చేతుల్ని పట్టుకుంది. లండన్ నుంచి రైలెక్కి వాళ్ళుండే లడ్లో ఊరికి వచ్చిన సంపాదకురాలు రోసలిండ్, టీ ముట్టకుండానే సంగతి తేల్చేసింది.

"పటం మావాళ్ళు కంప్యూటర్‌లో గీసేస్తారండీ. పాపం, ఆయన్ని కష్టపెట్టడమెందుకు?"

"నేనింకా పోలేదమ్మాయ్, ఇక్కడే కూర్చున్నా," అన్నాడు క్లెమెంట్.

రోసలిండ్ తల దించుకుంది. పటం కూడా చేజారితే ఆయన ఇక మంచం దిగడని ఎవరిల్‌కు తెలుసు.

"ఆయనే గీస్తాడు," అని తెగేసి చెప్పింది.

చలికాలమంతా కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపట్టి గీశాడు క్లెమెంట్. మార్చిలో ఒక ఉదయం కలం పక్కన పెట్టేశాడు.

ఎవరిల్ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. కొండలు వంకర్లు పోయినా కొండలే. తూర్పు దారి మాత్రం సగంలో ఆగిపోయింది. దాని చివర కార్వెన్ నగరం ఉండాలి. ఎనిమిది నవలలుగా దిక్కులేక తిరుగుతున్న రాణి చేరాల్సింది అక్కడికే. పాఠకులు ఏళ్ళ తరబడి కాచుకున్నదీ అందుకే.

"కార్వెన్ ఏదీ?"

"చెయ్యి అక్కడిదాకా పోలేదే." ఆయన పటాన్ని ఆవిడ వైపు నెట్టాడు. "ఆ పిల్ల చెప్పినట్టే కంప్యూటర్ వాళ్ళకిచ్చెయ్."

కోట తలుపులు తెరుచుకోవడం, గంటలు మోగడం, చివరి అధ్యాయమంతా ఎవరిల్ మనసులో ఎప్పుడో రాసేసుకుంది. ఇప్పుడదంతా గంగలో కలిసినట్టే.

"నువ్వు గీయని ఊరు నాకు లేదు," అంది. "కార్వెన్‌ను సముద్రం మింగేసింది."

"పిచ్చిదానా! జనం తిట్టిపోస్తారు."

"తిట్టనీ."

క్లెమెంట్ పటాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"మరి ఊళ్ళోవాళ్ళు?"

"కొందరు బయటపడ్డారు. దారి ఆగినచోట రాణి కోసం కూర్చున్నారు."

"ఎంతమంది?"

"నీ చెయ్యి ఎంతమందిని గీస్తే అంతమంది."

ఆయన మళ్ళీ కలం అందుకున్నాడు. మధ్యాహ్నానికి దారి చివర మూడు గుడిసెలు లేచాయి. నాలుగోదానికి కప్పు పడకముందే చెయ్యి పూర్తిగా మొరాయించింది. ఎవరిల్‌కు ఏడుపు ఆగలేదు. రాణి ఆ నాలుగో గుడిసెలోనే దిగుతుందని ఏడుస్తూనే నిశ్చయించుకుంది.