గుండ్లచేను బ్యాకప్

మా ఆయన అమరనాథ్ హార్డ్ డ్రైవ్‌కు చేను పేరు పెట్టాడు. బిడ్డకు పేరు పెట్టడానికి కూడా కొంతమంది అంత ఆలోచించరు.

పావగడ పక్కన మా ఊరు తిరుమణిలో మాకు నాలుగు చేన్లు ఉండేవి. నాలుగూ సోలార్ కంపెనీకి లీజుకు పోయాయి. గట్లు చదును చేశారు, కంచె వేశారు, సోలార్ పలకలు పరిచారు. ఆ తర్వాత మేము వై.ఎన్.హొసకోటకు వచ్చి ఇల్లు తీసుకుని, ముందు గదిలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాం. పెళ్లి వీడియోలు ఆయన పని. పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్సు, ఆల్బమ్‌లు నా పని. వీడియోలు దాచుకోవడానికి నల్లటి హార్డ్ డ్రైవ్ కొన్న రోజు, "మన చేన్లలో పెద్దది గుండ్లచేను. దీనికీ అదే పేరు" అన్నాడు. రాళ్లు తప్ప ఏమీ సరిగ్గా పండని చేను అది. ఆ మాట అంటే అలుగుతాడని అనలేదు.

అంతకుముందే మాకొక దెబ్బ తగిలింది. ఎవరో పెళ్లివాళ్లు తెచ్చిన పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ దూరి, పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా తాళం పడిపోయింది. ఆ రోజు నుంచి ఆయన విండోస్ ముఖం చూడలేదు. లినక్స్ వేసుకున్నాడు. ఇది ఉచితం, ఏ ఒక్కరి సొత్తూ కాదు, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు అని షాపుకు వచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాడు. రేషన్ కార్డు జెరాక్సుకు వచ్చినవాళ్లకు అదంతా ఎందుకో నాకు తెలియదు. కంప్యూటర్ మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించాడు. మా అత్త గంగాదేవి దాన్ని బాతు అంటుంది.

ప్రతి ఆదివారం పొద్దున కంప్యూటర్ దానంతట అదే కొత్త ఫైళ్లను గుండ్లచేనులోకి ఎక్కించేటట్టు ఆయన నాలుగు వరుసల ఆదేశం రాసి పెట్టాడు. పని కాగానే తెర మీద "బ్యాకప్ ముగిసింది" అని పడేది. ఆ మాట చూస్తే ఆయనకు కడుపు నిండేది.

పోయిన ఆయుధ పూజకు అత్త ఎప్పటిలాగే ఇల్లంతా కదిలించింది. తిరుమణిలో ఉన్నప్పుడు మడక, గొర్రు, కొడవళ్లు కడిగి విభూది పెట్టేది. ఇప్పుడు అవి లేవు. "కూడు పెట్టేది ఏదుంటే దానికి మొక్కాల" అని కెమెరాకు, కత్తెరకు, లామినేషన్ మిషన్‌కు, చివరికి స్టాప్లర్‌కు కూడా మూడు గీతలు గీసి కుంకుమ పెట్టింది. పెద్దవాటికి ఉన్నచోటే పూజ. చిన్నవాటిని దేవుడి గూట్లో పెట్టింది. తెల్లారాక ఎవరి వస్తువు వాళ్లు తీసుకున్నాం.

దీపావళి దాటాక మామకు పక్షవాతం వచ్చింది.

మామ పేరు హనుమంతరాయుడు. ఆయన మంచిగా పిలిచినా తిట్టినట్టే ఉండేది, అంత పెద్ద గొంతు. చెయ్యీ కాలూ మెల్లగా తిరిగి వచ్చాయి. మాట రాలేదు. మనం అనేది అంతా తెలుస్తుంది, తిరిగి చెప్పబోతే మాత్రం ఆ, ఊ తప్ప నోరు పలకదు. తుమకూరులో మాటలు నేర్పించే అర్పిత అనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. చిన్నపిల్ల, ఓపిక ఎక్కువ. ఆయన జీవితమంతా ఆడిన మాటలతో మొదలు పెట్టండి, విని తిరిగి అనమనండి, ఆయన గొంతే ఎక్కడైనా రికార్డయి ఉంటే ఇంకా మంచిది అని కన్నడంలో చెప్పింది.

అప్పుడు అత్త తన ట్రంకు పెట్టె తెరిచి, చీర మడతలోంచి ఒక కెమెరా కార్డు తీసింది.

సోలార్ వాళ్లు గట్లు చదును చేయకముందు మామ అమరనాథ్‌ను వెంటబెట్టుకుని నాలుగు చేన్ల చుట్టూ నడిచి వీడియో తీయించుకున్నాడు. "లీజు ముగిసేనాటికి నేనుండను. గట్టు యాడుండెనో మీకు చెప్పేదెవురు?" అన్నాడట. కంప్యూటర్‌లోని కాపీ వైరస్‌తో పోయింది. అత్త దాచిన కార్డు మిగిలింది.

అమరనాథ్ దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ సాయంత్రం నుంచి మామ బాతు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తెర మీద పంచె ఎగగట్టిన మామ చేయి చాచి, "ఇది గుండ్లచేను. తూర్పున రంగనాథప్ప గట్టు. పడమర బండిబాట. ఈ రాయి మా నాయన పాతింది" అనేవాడు. అమరనాథ్ అక్కడ ఆపేవాడు. కుర్చీలోని మామ పెదవులు కూడదీసుకుని "గు... గు..." అనేవాడు. తనకు తానే అయ్యవారు, తనకు తానే శిష్యుడు. గుండ్లచేను దాటడానికి చాలా రోజులు పట్టింది. తర్వాత దిన్నెచేను. తర్వాత సుద్దచేను. అప్పుడప్పుడూ నా ఫోన్‌తో ఆ సాధనను వీడియో తీసి అర్పితకు పంపేదాన్ని. "చెన్నాగిదె", బాగుంది అని ఆమె గొంతుతోనే జవాబు వచ్చేది. మామ ఆ మాట మళ్లీ మళ్లీ పెట్టించుకుని వినేవాడు.

పాత వీడియోను ఫోన్‌లోకి కూడా ఎక్కించమని నేను అడిగాను. పెద్ద ఫైలు, ఫోన్ నిండిపోతుంది అన్నాడు అమరనాథ్. మాఘమాసంలో పావగడలో ఒక పెళ్లికి పోయినప్పుడు ఉన్న కార్డు చెడిపోతే, సంచిలో ఉన్న అత్త కార్డును చెరిపేసి వాడుకున్నాడు. ఇంటికొచ్చి చెప్పాడు.

"మీయమ్మను అడిగినావా?" అన్నాను.

"రెండు చోట్ల ఉండాది సింధూ. కంప్యూటర్లో ఒగటి, గుండ్లచేనులో ఒగటి. ఆదివారం బ్యాకప్ కూడా అయిపాయ. ఇంగ కార్డుతో ఏం పని?"

శివరాత్రి ముందు ఒక పొద్దున కంప్యూటర్ లేవలేదు. లోపలి డిస్క్ చచ్చిపోయింది. ఆయన ఏమీ కంగారు పడలేదు. పైగా నాకే ధైర్యం చెప్పాడు. కొత్త డిస్క్ తెచ్చి, మళ్లీ లినక్స్ వేసి, "చూడు, పాతయన్నీ యెట్ల వస్తాయో" అంటూ బల్ల వెనక చేయి పెట్టి గుండ్లచేను వైరు లాగాడు.

వైరు వచ్చింది. చివర డ్రైవ్ లేదు.

బల్ల కింద వెతికాడు, బీరువా వెనక వెతికాడు, నా కుట్టుమిషన్ డబ్బా కూడా బోర్లించాడు. అత్త వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఆ నల్లపెట్టెనా? దేవుడి గూట్లో ఉండాది. పూజకు పెట్టినా కదప్పా. మీరే ఎత్తుకోకపోతిరి."

పటం వెనక, ఎండిన చామంతుల కింద ఉంది గుండ్లచేను. నెత్తిన మూడు గీతల విభూది, వైరు పెట్టే సందులో కుంకుమ. పాత పళ్ల బ్రష్‌తో శుభ్రం చేసి తగిలించాం. చక్కగా తెరుచుకుంది. ఆయుధ పూజ వరకు తీసిన పెళ్లిళ్లన్నీ ఉన్నాయి. ఆ తర్వాతది ఒక్కటీ లేదు. మామ వీడియో ఎక్కించింది పూజ తర్వాత.

"మరి ప్రతి ఆదివారం బ్యాకప్ ముగిసిందని వచ్చేది కదా. అది ఏంది?" అన్నాను.

అప్పుడు ఆయనకు తట్టింది. నాకు విడమరిచి చెప్పాడు. ఆయన చేసుకున్న ఏర్పాటులో, డ్రైవ్ వచ్చి కూర్చోవడానికి కంప్యూటర్‌లో ముందే ఒక ఖాళీ ఫోల్డర్ ఉండాలి. దానికీ గుండ్లచేను అనే పేరు పెట్టాడు. డ్రైవ్ తగిలిస్తే ఆ ఫోల్డర్లో వేసింది డ్రైవ్‌లోకి పోతుంది. తగిలించకపోతే ఆ ఫోల్డర్ ఉత్త ఫోల్డరే, వేసింది కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. డ్రైవ్ ఉందా లేదా అని ముందు చూడమని ఆయన రాయలేదు. అన్ని ఆదివారాలూ ఒకే ఇంట్లో ఈ గది సామాను ఆ గదిలో పెట్టి, జాగ్రత్త చేశాం అనుకున్నాం. ఇల్లే పడిపోయింది.

అంటే పేరు ఉంది, చేను లేదు. తిరుమణిలో మా చేన్ల సంగతీ అంతే కదా అనిపించి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఫోన్లోకి ఎక్కించమంటే ఎక్కిస్తివా? కార్డు చెరిపేటప్పుడు అడిగితివా? ఊరందరికీ లినక్స్ పాఠం చెప్తావు, ఇంట్లో పెట్టె ఉండాదా లేదా చూసుకోలేవా?" అని కడిగేశాను. ఆయన డ్రైవ్ వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు. అది ఇంకా కోపం తెప్పించింది.

అత్త తలుపు దగ్గరే కూలబడింది. "దేవుడి ముందర పెట్టినానని ఇట్లయ్యిందా?"

"నీ తప్పు కాదమ్మా. నేను రాసిందే తప్పు" అన్నాడు అమరనాథ్.

"ఆ కార్డు ఇన్నేండ్లు కోకలో దాచిపెట్టుకుంటిని. మీ చేతికి ఇస్తిని" అంది. లేచి వంటింట్లోకి పోయింది.

చచ్చిన డిస్క్‌ను బెంగళూరు పంపించాం. ఏమీ రాదని తిప్పి పంపారు.

మాకు అసలు భయం మామ గురించి. ఆ సాయంత్రం అలవాటుగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమరనాథ్ జరిగింది చెప్పాడు. మామ విన్నాడు, తల ఊపాడు, లేచి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఎంత బతిమాలినా నోరు తెరవలేదు. వచ్చిన మూడు చేన్ల పేర్లు కూడా అనలేదు. అర్పితకు ఫోన్ చేస్తే, సాధన ఆగితే వచ్చింది కూడా పోవచ్చు, ఎలాగైనా ఆపకండి అంది. ఆ రాత్రి నాకు ఏడుపు వచ్చింది. ఆ గొంతుతో ఆయన నన్ను తిట్టిన రోజులు కూడా గుర్తొచ్చాయి.

అర్పిత పేరు ఫోన్‌లో ఇంకోసారి కనిపించినప్పుడు బుర్ర వెలిగింది. ఆమెకు పంపిన వీడియోలన్నీ నా ఫోన్‌లోనే ఉన్నాయి. మామ సాధన చేస్తున్నప్పుడు తీసినవి. వాటిలో వెనక కంప్యూటర్‌లోంచి పాత మామ గొంతు కూడా పడి ఉంటుంది.

ఆదివారం సాయంత్రం మంచం దగ్గర స్టూలు వేసుకుని ఫోన్ పెట్టాను. "ఇది గుండ్లచేను" అని పెద్ద గొంతు, కొంచెం దూరంగా. దాని వెనకే "గు... గుండ్ల..." అని ఈనాటి గొంతు. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మామ మెల్లగా ఇటు తిరిగాడు. రెండోసారి పెట్టాను. మూడోసారికి పెదవులు కదిలాయి. గుండ్లచేను అన్నాడు, దిన్నెచేను అన్నాడు, సుద్దచేను అన్నాడు. అమరనాథ్ గడప మీద కూర్చుని తల వంచుకుని విన్నాడు.

అక్కడితో నా దగ్గర ఉన్నది అయిపోయింది. నాలుగోది బావిచేను. దానిదాకా సాధన రానే లేదు, దాని వీడియో ఎక్కడా లేదు.

"నాలుగోది నేను చెప్తా జరుగు" అని అత్త నన్ను లేపి స్టూలు మీద కూర్చుంది. "ఆ చేన్లో నేను తీయని కలుపుండాదా?" కొంగు సర్దుకుని, చేయి చాచి, అచ్చం మామ మాదిరే గొంతు పెంచింది. "ఇది బావిచేను. తూర్పున వంక. పడమర దాసప్ప గట్టు."

మామ బావిచేను అని తిరిగి అనాలి. అనలేదు. అత్తనే చూస్తున్నాడు.

"అనప్పా. బావిచేను. తూర్పున వంక."

మామ చేయి పైకి లేచింది. మెడ నరాలు ఉబ్బాయి.

"కా... కాదు."

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయన పలికిన ప్రతి మాటా విని తిరిగి అన్నదే. ఇది ఆయనకు ఎవరూ అందించని మాట.

"ఏంది కాదు?" అంది అత్త.

"వంక... ప... పడమర."

"ఎప్పుడూ తూర్పునే. ఆ వంకలోంచి కుండతో నీళ్లు మోసింది నేనా నువ్వా?"

"కాదు."

అత్త కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోకుండానే వాదిస్తోంది. ఎవరిది నిజమో పోయి చూసి రావడానికి లేదు. దాసప్ప గట్టు కూడా పలకల కిందే ఉంది.

అమరనాథ్ గడప మీద నుంచి లేచి వచ్చి, "రికార్డు చేసినావా సింధూ?" అని గుసగుసగా అడిగాడు.

ఫోన్ నా చేతిలోనే ఉంది. తెర ఆరిపోయి ఉంది. చేయలేదు అన్నాను.

ఆయన ఆదేశం ఇప్పుడు డ్రైవ్ ఉందా లేదా అని చూశాకే పని మొదలు పెడుతుంది. ఇంకో డ్రైవ్ కొని, దానికి దిన్నెచేను అని పేరు పెట్టి మా పుట్టింట్లో ఉంచాడు. నా ఫోన్‌లోని వీడియోలన్నీ రెండింటిలోకీ ఎక్కించాడు. మామ "కాదు" మాత్రం దేంట్లోనూ లేదు. దానికి బ్యాకప్ అవసరం రాలేదు. ఆ వాదన జరిగిన మరుసటి పొద్దున కాఫీ ఇస్తూ అత్త, "ఈపొద్దు సోమవారం కదా" అంటే, గ్లాసు దించి "కాదు" అన్నాడు.

అది సోమవారమే. అత్త మాత్రం ఆ రోజంతా కాదనే ఒప్పుకుంది.