ఫర్నేసు ఆగడానికి కారణం

తెలుగునేలకి దూరంగా, హిందీ మాట్లాడే ఆదిత్యపూర్‌లో ట్రక్కుల ఇరుసులు కాల్చి గట్టిపరిచే ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది. అందులో ఒకే ఒక్క ఫర్నేసు, దాని పక్కన అద్దాల గది, ఆ గదిలో పాతికేళ్లుగా ఒక లావుపాటి లాగ్ బుక్కు. రెండువేల మూడులో ఆ పుస్తకాన్ని అటకెక్కించి, ఆ పనంతా కంప్యూటర్లో జరిగేలా చూడమని త్యాగరాజుని ఏడాది కాంట్రాక్టు మీద పెట్టుకున్నారు. పని బాగుంటే పర్మనెంటు చేస్తామన్నారు. బాగోకపోతే మార్చి ముప్పై ఒకటిన దండం పెట్టి పొమ్మంటారు. పొమ్మంటే ఎక్కడికి పోతాడు పాపం? పలాసలో మామగారి సిమెంటు కొట్టుకే. మామగారు కుర్చీలో కూర్చుంటే పక్కన స్టూలు మీద అల్లుడు. భార్య ఛాయాదేవికి, వాళ్లు కాపురముంటున్న సోనారిలోనే స్కూలు ఉద్యోగం హాయిగా కుదిరింది. తను పలాస రానని ఆవిడ ముందే చెప్పేసింది కూడా. ఆ స్టూలు తలుచుకుంటే చాలు, త్యాగరాజుకి అన్నం సయించేది కాదు.

లాగ్ బుక్కు సాఫ్ట్‌వేరు నెట్లో ఉచితంగా దొరికింది. దాన్ని మన మనుషులకి తగ్గట్టు మలుచుకోవాలి, అంతే. అందుకని బుద్ధిమంతుడిలా ముగ్గురు షిఫ్టు ఇన్‌చార్జుల దగ్గరకీ వెళ్లి మీకేం కావాలో చెప్పండి అన్నాడు. అలా అడగొచ్చా ఎక్కడైనా?

టెక్కలి నుంచి వచ్చి ఇరవయ్యారేళ్లుగా అక్కడే పాతుకుపోయిన కూర్మారావు, పేజీ మొదట్లో శ్రీరామ అని లేకపోతే తన చెయ్యి కదలదన్నాడు. రెండో ఇన్‌చార్జి బలరామ్, పాత పుస్తకంలో తను ఎర్ర సిరాతో రాసేవాడు కాబట్టి తన అక్షరాలు ఎర్రగానే పడాలన్నాడు. మూడోవాడు సుదీప్ అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు, తెలుగులో అడిగితే హిందీలో చెబుతాడు. ఫర్నేసు ఆగడానికి కారణాల జాబితాలో ఏనుగు ఉండి తీరాలని వాడి పట్టు. ఎప్పుడో ఒకసారి దాల్మా కొండల వైపు నుంచి తప్పిపోయిన ఏనుగొకటి వచ్చి గోడకి వీపు రుద్దుకుందట, ఆ పూట ఫర్నేసు ఆపారట. త్యాగరాజు అన్నీ పెట్టాడు. కరెంటు, వోల్టేజీ, బేరింగు, బ్లోయరు, గ్యాసు, విశ్వకర్మ పూజ, ఏనుగు. చివర్న ‘ఇతరములు’ అని పెడితే మేనేజరు సీతారామరావుగారు అది తీసేయించారు. అదొకటి ఉంటే మనవాళ్లు జన్మలో ఇంకోటి నొక్కరని ఆయన భయం.

పైగా త్యాగరాజు తన సొంత తెలివి కూడా కొంత వాడాడు. ఒకరు పేజీ తెరిచి రాస్తుంటే అది పూర్తిచేసేదాకా రెండోవారు రాయడానికి లేదు. కారణం ఎంచుకోకుండా పేజీ మూయడానికి లేదు. మూసేముందు ‘పైన రాసినదంతా నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అన్న గళ్లో టిక్కు పెట్టాలి. మొదట్లో పది నిమిషాలు ఊరుకుంటే పేజీ దానంతటదే మూసుకుపోయేది. ఒంటివేలితో కొట్టే కూర్మారావు రాసిందల్లా గంగలో కలుస్తోందని లబోదిబోమంటే అది పీకేశాడు. ఎవరి పేజీనైనా బలవంతంగా మూసే అధికారం తనకొక్కడికే ఉంది. అలా మూస్తే ఆ పేజీ తన పేరుతో ఎర్రగా నిలిచిపోతుంది, ఎవరూ చెరపలేరు. అదీ తను పెట్టిందే, ఎవరైనా తన పాస్‌వర్డు కొట్టేస్తారేమోనని.

ఆ ఫ్యాక్టరీకి సొంత పద్ధతులు రెండున్నాయి. పుస్తకంలో చార్జి అప్పగించనివాడు గేటు దాటకూడదు, చార్జి తీసుకోనివాడు ఫర్నేసు ముట్టుకోకూడదు. ఇది రాసిన రూలు. రాయని రూలు ఇంకా గట్టిది. తప్పు ఎవరిదైనా సరే, పుస్తకంలో మనిషి పేరు రాయరు. పాతికేళ్ల పుస్తకాలు తిరగేసినా ఒక్క మనిషీ ఒక్క తప్పూ చేసినట్టు కనబడదు, అంతా వోల్టేజీయే చేసింది.

ఫిబ్రవరిలో ఒక రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చి లాగ్ బుక్కు చూస్తానని సీతారామరావుగారు ముందే చెప్పారు. అది చూశాకే పర్మనెంటు సంగతి. ఆ రోజు త్యాగరాజు తెల్లవారకముందే వచ్చి కొత్త ప్రింటరు తగిలించి, ఒక కాగితం తీసి చూసుకుని, స్నానానికి సోనారి వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి తిరిగొచ్చేసరికి, ఆరింటికే ఇంటికి పోవలసిన కూర్మారావు కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన నలుగురు మనుషులూ ఎర్రబడ్డ కళ్లతో ఫర్నేసు నడుపుతున్నారు. చార్జి తీసుకోవలసిన బలరామ్, అతని నలుగురూ బెంచీ మీద వరసగా కూర్చుని వాళ్లని చూస్తున్నారు.

పొద్దున్న ఫర్నేసు నలభై నిమిషాలు ఆగిందట. పేజీ అంతా నింపాడు కూర్మారావు, శ్రీరామ దగ్గర్నుంచి. కారణం దగ్గర ఆగిపోయాడు.

ఏదో ఒకటి నొక్కండి, పేజీ మూయండి అన్నాడు త్యాగరాజు. జాబితాలో లేదన్నాడు కూర్మారావు. ఏది లేదో చెబితే చిటికెలో పెడతానన్నాడు. చెప్పలేనన్నాడు. పోనీ వోల్టేజీ పెట్టండన్నాడు.

‘‘పాత బుక్కులో అయితే రాసేద్దును బాబూ. నిజమేనా అని అదెప్పుడూ అడగలేదు. మీదేమో టిక్కు పెట్టమంతాది. పైన చూత్తే శ్రీరామ. కింద అబద్ధానికి టిక్కు ఎలా పెడతాను?’’

పన్నెండయింది. క్యాంటీన్లో ఒక షిఫ్టుకి వండిన పప్పు రెండు షిఫ్టులకి పలచనైంది. రెండింటికి సుదీప్ తన నలుగురితో దిగాడు. బలరామ్ షిఫ్టు మొదలే కాలేదు కాబట్టి ముగియడానికి లేదు, అది ముగియలేదు కాబట్టి సుదీప్ మొదలెట్టడానికి లేదు. బెంచీ చాలక సుదీప్ మనుషులు ఇరుసుల మీద కూర్చున్నారు. ఒక్క ఫర్నేసుకి మూడు షిఫ్టులు. నడిపేవాళ్లు నిద్రతో తూలుతున్నారు, నిద్ర సరిపోయినవాళ్లు ముట్టుకోకూడదు. బలరామ్ ఇంటి నుంచి ఫోనొస్తే, నేనింకా డ్యూటీకి రాలేదు, వచ్చాక చేస్తానని పెట్టేశాడు. సుదీప్ మాత్రం ఎవరు చూడొచ్చారు, ఏనుగు అని నొక్కేయమని కూర్మారావుకి చెవిలో పోరు పెట్టాడు.

‘‘అంకుల్, హాథీ కర్ దీజియే నా. కౌన్ దేఖ్‌నే గయా?’’

రెండున్నర అయ్యేసరికి త్యాగరాజుకి తల ప్రాణం తోకకొచ్చింది. బలవంతంగా మూస్తే తన పేరు ఎర్రగా పడుతుంది, మూయకపోతే మేనేజరుగారి ముందు పరువు పోతుంది. ఎటు చూసినా పలాస స్టూలే కనబడుతోంది. నోరు జారాడు. కంప్యూటరంటే గిట్టక పాతవాళ్లంతా కలిసి తన పొట్ట కొడుతున్నారనీ, తన ఉసురు ఊరికే పోదనీ పద్నాలుగు మంది ముందూ పెద్దాయన్ని పట్టుకుని అరిచాడు.

కూర్మారావు మొహం చిన్నబోయింది.

‘‘మీ పొట్ట కొట్టకూడదనే కదా బాబూ పొద్దున్నించీ కూకున్నాను. మీరు ప్రింటరు ఏ ప్లగ్గులో పెట్టినారో ఓపాలి చూసుకోండి.’’

త్యాగరాజు బల్ల కిందికి దూరాడు. తీయకూడదని సున్నంతో రాసి ఉన్న ప్లగ్గు, ఫర్నేసు వేడిని చూసే మీటరుది. తెల్లవారుజామున నిద్రకళ్లతో దాన్ని పీకి ప్రింటరు పెట్టింది తనే. మీటరు ఆగి ఫర్నేసు ఆగితే, కూర్మారావు ఎవరితోనూ చెప్పకుండా వైరు లాగి ఇంకో ప్లగ్గు నుంచి నడిపిస్తున్నాడు. బల్ల కిందే కాసేపు ఉండిపోయాడు త్యాగరాజు. బయటికొచ్చి ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది. నిద్ర లేకుండా ఎనిమిది గంటలు తన కోసం కూర్చున్న మనిషిని ఎన్నెన్ని మాటలన్నాడు!

లేచి వచ్చి, జాబితాలో ఏనుగు కింద ఇంకో కారణం చేర్చాడు, తన పేరే. త్యాగరాజు. కూర్మారావు వద్దు బాబూ అంటున్నా వినలేదు. చివరికి ఆయన ఒంటివేలితో అది నొక్కి, టిక్కు పెట్టాడు. బలరామ్ చార్జి తీసుకుని, ఆ నిమిషంలోనే సుదీప్‌కి అప్పగించి, ఏ పనీ చెయ్యకుండా అలిసిపోయి ఇంటికెళ్లాడు. మూడింటికి వచ్చిన సీతారామరావుగారు శ్రీరామ దగ్గరే మురిసిపోయి, కిందకి చూడకుండా వెళ్లిపోయారు.

గండం గడిచిందనుకున్నాడు త్యాగరాజు. గడవలేదు. ఒకసారి వాడిన కారణాన్ని జాబితాలోంచి తీయడానికి వీల్లేదని పెట్టింది ఎవరు? ఆయనగారే.

వారం తిరిగేసరికి బలరామ్ షిఫ్టులోని ఫిట్టరు నూనె పోయడం మరిచిపోయాడు, బేరింగు పట్టేసింది. ఉత్త బేరింగు అంటే అబద్ధం, టిక్కు పెట్టలేరు. ఫిట్టరు పేరు పెడదామంటే రాయని రూలు. జాబితాలో తన పేరు తనే పెట్టుకున్న మహానుభావుడు ఒకడున్నాడు కదా. బలరామ్ ‘త్యాగరాజు’ అని నొక్కాడు. పైగా ఈ జాబితా చేసిందీ ఆయనే, మనకి వేరే దారి లేకుండా చేసిందీ ఆయనే, కాబట్టి ఇందులో అబద్ధమేముందని టిక్కు పెట్టాడు. ఈ వాదన మిగతావాళ్లకీ తెగ నచ్చింది. గ్యాసు అయిపోతే త్యాగరాజు. గేటు తాళం పోతే త్యాగరాజు. అతను జ్వరంతో సోనారిలో దుప్పటి కప్పుకుని పడుకున్న రెండు రోజుల్లో ఫర్నేసుని నాలుగుసార్లు ఆపాడు. బతిమాలాడు, బాబ్బాబూ అన్నాడు. అందరూ అయ్యో పాపం అన్నారు, నొక్కడం మాత్రం మానలేదు.

మార్చి ఇరవై తొమ్మిదిన కలకత్తా హెడ్డాఫీసు నుంచి అపూర్వ అనే క్వాలిటీ ఆడిటరు వచ్చింది. ఏ కారణానికి ఎంత వంతో చూపిస్తూ ప్రొజెక్టరు నుంచి గోడ మీద రంగుల చక్రం పడింది. ఫర్నేసు ఆగిన సమయంలో నూటికి డెబ్బై ఒక్క వంతులు త్యాగరాజు. సీతారామరావుగారు గొంతు సవరించుకుని, ఈ కారణాన్ని ఎల్లుండితో తీసేస్తున్నామండీ, కాంట్రాక్టు అయిపోతోందని వినయంగా మనవి చేశారు.

ఆవిడ కళ్లజోడు తీసింది. తీసేస్తే ఏప్రిల్‌లో ఫర్నేసు ఆగదా అని అడిగింది. ఆగుతుందన్నారు ఈయన. మరి కారణం ఫ్యాక్టరీలో లేకుండా ఎలా ఆగుతుంది, కలకత్తాకి నేనేమని రాయాలి అంది. డెబ్బై ఒక్క శాతం ఆగడాన్ని ఒక కాంట్రాక్టు మనిషి చేతిలో పెట్టడమేమిటి, రేపు ఇతను పక్కనే గమ్హరియాలో ఇంకో కంపెనీకి వెళ్లిపోతే మనకి అదుపేం ఉంటుంది అని కసిరింది. ప్రధాన కారణం ఎప్పుడూ సంస్థ అదుపులో ఉండాలట, అది ఆవిడ క్వాలిటీ పుస్తకంలో ఉందట. ఆ సాయంత్రమే ఉత్తర్వు టైపయింది. త్యాగరాజుని పర్మనెంటు చేయడమైనది. ఫర్నేసు ఆగినప్పుడల్లా, ఏ షిఫ్టయినా, హాజరై సంతకం చేయవలెను. కారణం మారిన పక్షంలో నియామకం పునఃపరిశీలించబడును.

ఛాయాదేవి ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఏం సాధించావని ఇచ్చారిది అని అడిగింది. త్యాగరాజు చెప్పాడు. ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక పాయసం చేసింది. త్యాగరాజు మాత్రం ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాడు.

ఏప్రిల్ రెండోవారంలో, పొద్దున్న పదకొండింటికి ఫోనొచ్చింది. స్కూటరేసుకుని ఖర్కాయి నది వంతెన దాటి వెళ్లేసరికి ఫర్నేసు ఆగి ఉంది. పొద్దుటి షిఫ్టుకి మారిన కూర్మారావు కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. కునుకు పట్టి, ఒక మీట బదులు ఇంకో మీట నొక్కేశానన్నాడు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారట. నలభై ఇరుసులు పాడయ్యాయి. పేజీ తెరిచే ఉంది, కారణం గడి ఖాళీగా ఉంది.

‘‘ఇది నా తప్పు బాబూ. మీ నెత్తిన రుద్దలేను, నాకు ముద్ద దిగదు. జాబితాలో నా పేరెట్టండి. నేనే నొక్కుతాను.’’

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. పాతవాళ్లలో రాయని రూలుని దాటబోయిన మొదటి మనిషి ఆయనే. త్యాగరాజు గుండె కరిగింది కూడా. కానీ జేబులో మడతపెట్టిన ఉత్తర్వులో ‘కారణం మారిన పక్షంలో’ అన్న ముక్క గుర్తొచ్చింది. మౌసు ఆయన చేతిలోంచి లాక్కున్నాడు.

‘‘కుదరదు కూర్మారావుగారూ. అది నా ఉద్యోగం.’’