జప్తు మనిషికి టీ

గ్రౌట్ బూటు తలుపు సందులో దూరింది. దూరిన మరుక్షణం రోవన్ తన ఒంటి బరువంతా తలుపు మీద వేశాడు. బూటు ముందు ఇనుపరేకు ఉంది కాబోలు, తలుపు అంచు దాని మీద కీచుమంది తప్ప లోపలి కాలికి ఏమీ కాలేదు.

"తియ్యరా బాబూ, వానలో తడిసి చస్తున్నా," అన్నాడు గ్రౌట్ బయటినుంచి. ఆ గొంతులో కోపం లేదు. రోజూ ఇలాంటి తలుపులు తోసి బతికే మనిషికి కోపం ఎందుకొస్తుంది?

"నేను స్టూడెంట్‌ని. కౌన్సిల్ పన్ను నాకు పడదు."

"ఆ మాట కౌన్సిల్ వాళ్ళకి చెప్పుకో."

"చెప్పాను. మీకు చెప్పుకోమన్నారు."

"నాకు చెబితే నేనేం చేస్తాను? నేను జప్తు చేసేవాణ్ణి. వినేవాణ్ణి కాదు."

అదీ వరస. కాలేజీలో చదివేవాడికి ఇంటిపన్ను లేదని ఇంగ్లండులో చంటిపిల్లాడికి కూడా తెలుసు, ఒక్క కౌన్సిల్‌కి తప్ప. కాలేజీ ముద్ర వేసిన కాగితం రోవన్ పంపాడు, అందలేదన్నారు. స్వయంగా పట్టుకెళ్ళాడు, ఇది మా కిటికీ కాదన్నారు. ఆ రెండో కిటికీ దగ్గరికి వెళ్తే, వ్యవహారం జప్తు వాళ్ళకి అప్పగించేశాం, ఇక మేం వేలు పెట్టలేం అన్నారు. కాళ్ళరిగేలా తిరిగాడు. గోడకి చెప్పుకున్నా ఇంతకంటే మర్యాదగా వినేది.

జప్తు మనిషికి తలుపు బద్దలుకొట్టి వచ్చే హక్కు లేదు. బూటు అడ్డం పెట్టే హక్కూ లేదు. కానీ గడియ వెయ్యని తలుపు కనిపిస్తే దర్జాగా నడిచి రావచ్చు, కనిపించిన సామాను రాసుకుని పట్టుకుపోవచ్చు. అందుకే రోవన్ ముందు తలుపుకి పైనా కిందా గడియలు బిగించుకుని కూర్చున్నాడు. ఇవాళ పొద్దున ఎవరో తడితే పార్సిల్ అనుకుని తీశాడు. అంతే, బూటు.

"నీ మొహం నాకు తెలుసు," అన్నాడు గ్రౌట్ సందులోంచి తొంగిచూసి. "యాంకర్ పబ్బు వాకిట్లో కాపలా ఉండేవాణ్ణి నేను. ఆ కుర్రాడి దవడ విరగ్గొట్టింది నువ్వే కదూ? జడ్జి పాపం జాలిపడి వదిలేశాడట."

జడ్జి వదిలెయ్యలేదు. జైలుశిక్ష వేసి, దాన్ని పక్కన పెట్టాడు. రెండేళ్ళలోపు మళ్ళీ ఎవరి మీదైనా చెయ్యి చేసుకుంటే పాత జైలూ కొత్త జైలూ కలిపి అనుభవించాలి. ఇంజనీరింగ్ చదువు గంగలో కలిసినట్టే. కోర్టు మెట్ల మీద అమ్మమ్మ బెరిల్ వాడి చొక్కా పట్టుకుని ఒకటే మాట చెప్పింది: "చెయ్యి లేవబోతోంది అనిపిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకో. చచ్చినా ముందుకు తియ్యకు." ఆ గడువింకా తీరలేదు.

"కొట్టాలని ఉంది కదూ?" అన్నాడు గ్రౌట్. "కొట్టు. నీ పని సులువైపోతుంది, నా పనీ సులువైపోతుంది."

అతని ఛాతీ మీద చిన్న కెమెరా ఉంది. దాని దీపం వెలగడం లేదు. రోవన్ అది చూశాడు. ఇక్కడేం జరిగినా రికార్డు కాదన్నమాట.

తలుపు మూద్దామని కుడిచేత్తో అంచు పట్టుకుని తోశాడు. గ్రౌట్ బూటు తీసేశాడు. తీసేసి, బయటి పిడి పట్టుకుని రెండు చేతులతో తలుపుని తనవైపు ఈడ్చాడు. రోవన్ వేళ్ళు తలుపుకీ ద్వారబంధానికీ మధ్య నలిగాయి. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. రోవన్ అరిచిన అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"ఏయ్, వాణ్ణి చంపేస్తావా ఏంటి? పోలీసుల్ని పిలుస్తున్నా," అంది ఎదురింటి డోరీన్.

గ్రౌట్ పిడి వదిలేశాడు. రోవన్ చెయ్యి లాక్కుని, భుజంతో తలుపు మూసి, ఎడమచేత్తో గడియలు వేసి, అక్కడే వీపు ఆనించి కూలబడ్డాడు. రెండు వేళ్ళు వంకర తిరిగాయి. కణుపులు చితికి రక్తం మోచేతి దాకా కారుతోంది. ఏడుపొచ్చింది వాడికి. అయినా మనసులో ఎక్కడో గర్వపడ్డాడు. కొట్టలేదు. వాడు లోపలికీ రాలేదు.

పిచ్చి నాయన. ముందు తలుపుకి గడియల మీద గడియలు వేసుకున్నాడు గానీ, ఆ వీధిలో ముందు తలుపు వాడేదెవరు? పోస్టువాడూ, పాదిరీ, శవం. మిగతా లోకమంతా వెనక సందులోంచి నేరుగా వంటింట్లోకి వస్తుంది, ఆ తలుపుకి గడియ పెట్టడం ఇరుగుపొరుగుని అవమానించడమే. పుట్టి బుద్ధెరిగాక రోవన్ ఆ గడియ వెయ్యలేదు. ఉందన్న సంగతే వాడికి గుర్తు లేదు.

కాసేపటికి వంటింట్లోంచి కెటిల్ మరుగుతున్న చప్పుడు వచ్చింది.

"చక్కెర ఎన్ని చెంచాలు నాయనా?" అంటోంది అమ్మమ్మ గొంతు.

"రెండండీ. మీ చేతి టీ తాగి పోతాను," అంది గ్రౌట్ గొంతు.

రోవన్‌కి అప్పుడు వెనక తలుపు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాడు. అమ్మమ్మ తలకి ఇంకా ప్లాస్టిక్ వానగుడ్డ ఉంది. బల్ల మీద ఆమె తెచ్చిన వేడి చేపల పొట్లం ఉంది. ఆ పక్కనే గ్రౌట్ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"రోవన్, ఈ అబ్బాయి సందు మలుపులో నా సంచి అందుకున్నాడురా. పాపం తడిసి ముద్దయ్యాడు. నీ కోసమే వచ్చాట్ట," అంది బెరిల్. అప్పుడు మనవడి చెయ్యి చూసింది. టీ నానబెట్టే మట్టికుండ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మమ్మా, వీడు జప్తు మనిషి."

గ్రౌట్ లేచాడు. "మర్యాదగా పిలిచారు, మర్యాదగా వచ్చాను," అని చెప్పి, బల్ల చివరున్న ల్యాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకున్నాడు. రోవన్ ఏడాదంతా గీసిన వంతెన నమూనా అందులోనే ఉంది. చదువుకునే సామాను జప్తు చెయ్యకూడదని కూడా చట్టంలో ఉంది. ఉంటే ఏం లాభం, చట్టం వచ్చి వంటింట్లో నిలబడుతుందా?

బెరిల్ టీ కుండ పొయ్యి మీద పెట్టి, ల్యాప్‌టాప్ మీద రెండు చేతులూ వేసింది. "అది పిల్లాడి చదువు. పెట్టెయ్ అక్కడ."

"తప్పుకో మామ్మా."

"నీ కోసం టీ పెట్టాను. సిగ్గు లేదూ?"

గ్రౌట్ మోచేత్తో ఒక్క తోపు తోశాడు. ఆవిడ వెనక్కి పడింది. నుదురు పొయ్యి అంచుకి కొట్టుకుని చర్మం చిట్లింది. ముసలి రక్తం కనుబొమ మీదుగా కంట్లోకి దిగింది.

రోవన్ ఎడమ పిడికిలి బిగిసింది. భుజం వెనక్కి పోయింది. గ్రౌట్ అది చూసి గడ్డం ముందుకు చాపాడు. "రా. ఎంతసేపు ఆగుతావు?" అని నవ్వాడు. ఆ గడ్డం తప్ప రోవన్‌కి మరేమీ కనిపించలేదు. ఆ దవడ ఎలా విరుగుతుందో, ఎముక చప్పుడు ఎలా ఉంటుందో వాడికి ముందే తెలుసు. ఎంత హాయిగా ఉంటుందో కూడా తెలుసు.

చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. విరిగిన వేళ్ళని ఎడమచేత్తో నొక్కి పట్టుకున్నాడు, ఆ నొప్పికైనా కోపం దిగుతుందని. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

నేల మీదినుంచి బెరిల్ ఆ వెనక్కి పెట్టుకున్న చేతులు చూసింది.

ఆవిడ మెల్లగా లేచింది. రేవులో చేపల షెడ్డులో జీవితమంతా కాడ్ చేపల తలలు నరికిన చెయ్యి అది. నిండు టీ కుండ అందుకుని గ్రౌట్ కణత మీద పగలేసింది. మట్టికుండ ముక్కలైంది. మరిగిన టీ అతని చెవి మీదుగా మెడలోకి కారింది. అతను ఎద్దులా రంకె వేసి మోకాళ్ళ మీద కూలాడు. ల్యాప్‌టాప్ జారి కిందపడింది.

అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. డోరీన్ పిలిచిన పోలీసు కూడా అటునుంచే వచ్చింది మరి. మోర్టన్ అనే ఆడకానిస్టేబుల్, ఒక్కతే. కింద నెత్తురు కారుతున్న మనిషిని చూసింది, చితికిన కణుపులున్న కుర్రాణ్ణి చూసింది, ముసలావిణ్ణి చూసింది.

"వీడే," అన్నాడు గ్రౌట్, రోవన్ వైపు వేలు చూపిస్తూ. "ముసలావిణ్ణి తోశాడు, అడ్డొస్తే నన్ను కుండతో కొట్టాడు. పేరు అడుగు, నీకే తెలుస్తుంది."

ఆమె పేరు అడిగి వైర్‌లెస్‌లో చెప్పింది. అవతలినుంచి దవడ సంగతీ, పక్కన పెట్టిన శిక్షా అన్నీ వంటిల్లంతా వినబడేలా వచ్చాయి. ఆమె మొహం మారిపోయింది.

"చేతులు వెనకే ఉంచు," అంది, బేడీలు తీస్తూ.

"కొట్టింది నేనమ్మా," అంది బెరిల్.

"కూర్చోండి మామ్మగారూ. మీ తల పగిలింది."

"తల పగిలితే మతి పోదు. వాడు వేలు కూడా ఎత్తలేదు. నేనే కొట్టాను."

"మనవడు కదా. నాకు అర్థమవుతుంది," అంది మోర్టన్ మెత్తగా. "ఆ చెయ్యి చూడండి ఎలా ఉందో. గుద్దకపోతే అలా అవుతుందా?" బేడీ రోవన్ మణికట్టు మీద టక్కున పడింది. తలుపులో నలిగాయన్నాడు రోవన్. ఎవరు నమ్ముతారు? నవ్వు ఆపుకోలేక గ్రౌట్ తల దించుకున్నాడు.

బెరిల్ ఆ నవ్వు చూసింది. కంట్లో పడ్డ రక్తం చేతి గుడ్డతో తుడుచుకుంది, సరిగ్గా కనబడాలని.

"అయితే ఇటు చూడమ్మా," అంది.

పొయ్యి మీది ఇనప కెటిల్ రెండు చేతులతో ఎత్తి, అంత మనిషి నెత్తి మీద రెండోసారి మోదింది. గ్రౌట్ మొహం నేలకి తగిలి పళ్ళు చప్పుడయ్యాయి. ఈసారి అతను రంకె కూడా వెయ్యలేదు.

బెరిల్ కెటిల్‌ని దాని చోట పెట్టింది. ఆయాసపడుతూ రెండు మణికట్లూ కానిస్టేబుల్ ముందుకి చాపింది.

"ఇప్పుడు చూశావు కదా. అవి ఇలా తే."

మోర్టన్ అంబులెన్సుకి చెప్పింది, తర్వాత బేడీల తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కుంది. అది దొరికేదాకా రోవన్ చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడ్డాడు.