చెవిలో నీరు, కుండలో అంబలి

తిరువళ్ళూరు ఆసుపత్రిలో చెవి డాక్టరు చెప్పినది ఎల్లప్పకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చెవి లోతున, ఎముక గూటిలో సన్నని పొరసంచి ఉంటుంది. దానిలో నీరు నిత్యం ఊరుతూ, ఊరినదంతా ఇంకిపోతూ ఉండాలి. ఇంకడం తగ్గితే సంచి ఉబ్బుతుంది. చెవి హోరెత్తుతుంది, నేల గిర్రున తిరుగుతుంది. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది గనుక ఉప్పు మానాలి.

మానాడు. నెల రోజులుగా భార్య దేవకి అతనికి వేరే చట్టిలో చప్పిడి కూడు వండుతోంది. అయినా మొన్న మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయి వాంతి చేసుకున్నాడు. ఆ కోపంతోనే బొగ్గు రైలెక్కి వెళ్ళి డాక్టరును నిలదీశాడు.

"పొద్దున్నించి నోట్లో పడేదంతా చెప్పవయ్యా," అన్నాడాయన. చివరికి ఎల్లప్ప అంబలి దగ్గర దొరికిపోయాడు.

"అది పడుగు కాడ ఊరికే తాగేది సార్."

"ఉప్పు వెయ్యరా?"

"పిడికెడు కల్లుప్పు వేస్తారు."

డాక్టరు తల పట్టుకున్నాడు.

తిరుత్తణి నేతవీధిలో పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులను, బారుగా సాగదీసి గంజి పట్టించాలంటే ఎనిమిది మంది కుంచెలు పట్టాలి. కూలి ఉండదు. పడుగు ఎవరిదైతే వారు చెంబెడు అంబలి పోస్తారు. తాగినవాళ్ళు ఒకరి పడుగుకు ఒకరు వస్తారు. చెంబు కాదన్నవాడి గడప ఎవరూ తొక్కరు. ఎల్లప్ప పడుగు శుక్రవారం. ఈ పూట తణికాచలానిది.

"తాగప్పా ఎల్లప్పా, మీ అత్త మజ్జిగ పోసి కలిపింది," అని తణికాచలం చెంబు చాచాడు.

"వద్దు మామా. ఉప్పు తింటే చెవిలో నీళ్ళు ఎక్కువైతాయంట."

పక్కన కుంచె తడుపుతున్న కేశవన్ పకపకా నవ్వాడు. "ఒంటికాలి మీద ఎగురబ్బా, కారిపోతాయి!"

"బైటి నీళ్ళు కాదన్నా. లోపలే ఊరేవి."

"నోట్లో పోసింది చెవికి యాడ పోతాది?"

సంచి, ఊట, ఇంకుడు అన్నీ ఎల్లప్ప కళ్ళకు కట్టినట్టున్నాయి; చెప్పబోతే మాత్రం ఒక్కటీ నోటికి రాలేదు.

"మా ఇంటి అంబలి నీకు పనికిరాలేదు, అంతే గదా?" తణికాచలం మొహం మాడిపోయింది.

"ఆ మాట నేనన్నానా? పోయిన తూరి నీ పడుగు మీదనే పడి పోగులు తెంపినాను గదా మామా! మళ్ళీ పడితే?"

"పడితే పడు. తాగి పడు!"

అందరూ నవ్వారు. ఎల్లప్ప చెంబు ముట్టకుండానే కుంచె అందుకుని, ఆఖరు బార దాకా గంజి పట్టించాడు.

"సరే," అన్నాడు తణికాచలం కుంచెలు కడిగేటప్పుడు. "శుక్రవారం మేమూ వస్తాం. మీ ఇంట్లో చుక్క తాగం."

అన్నట్టే వచ్చారు. ఎల్లప్ప తూలలేదు, పడుగు ఒక్క పోగు తెగకుండా ఆరింది. దేవకి ఉప్పు వేసి కలిపిన అంబలి కుండను అరుగు మీద పెట్టి, పేరు పేరునా పిలిచింది. ఏడుగురూ చేతులు తుడుచుకుని, ఆమె కళ్ళ ముందే తణికాచలం ఇంటికి అంబలి తాగడానికి వెళ్ళారు.

"అంటరాని ఇల్లయిపోయిందా మనది?" అంది దేవకి, నిండు కుండను లోపలికి ఎత్తుకుంటూ. "నీ చెవి కుదురుకునిందా ఇప్పుడు?"

"కుదురుకునింది," అన్నాడు ఎల్లప్ప. అది నిజమే కావడం వల్ల అతనికి మరింత ఒళ్ళు మండింది.