గొంతులో వెలిగిన చక్కెర

పంజాగుట్ట స్కానింగ్ సెంటర్‌కి ఎనిమిదింటికి రమ్మంటే రత్నమాల ముందే వచ్చి కూర్చుంది, ఖాళీ కడుపుతో. స్కాన్‌కి ముందు సూదితో ఎక్కించే మందు మాత్రం రాలేదు. ఊరి అవతల తయారై సీసపు డబ్బాలో బయల్దేరిన ఆ మందు ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుందట.

"రెండు గంటలు గడిస్తే దాని బలం సగానికి పైగా పోతుంది," అంది భర్తతో. "మన జంక్షన్ సంగతి తెలియనివాళ్లెవరో కనిపెట్టినట్టున్నారు."

"నీకన్నీ తెలుసు," అన్నాడు హనుమత్ప్రసాద్ టోకెన్ చీటీని మడుస్తూ.

తెలుసు మరి. పెళ్లికి ముందు బీఎస్సీ కెమిస్ట్రీ. ఇన్నేళ్లూ ఆ చదువు ఇడ్లీపిండి ఎందుకు పులుస్తుందో తెలుసుకోవడానికి తప్ప ఎందుకూ అక్కరకు రాలేదు. రెండేళ్ల కిందట మెడలో గడ్డలు లేచి, అది లింఫోమా అనే క్యాన్సరని తేలింది. కీమోతో అవి కరిగాయి. మళ్లీ ఎక్కడైనా మొలిచాయా లేదా అన్నది ఇవాళ్టి స్కాన్ చెప్పాలి. వారం నుంచీ ఏ పనిలో ఉన్నా ఆవిడ చెయ్యి మెడ మీదికే పోతోంది. కూర మాడినప్పుడు కూడా అక్కడే ఉంది.

చివరికి మందు వచ్చింది. టెక్నీషియన్ మానస జాగ్రత్తలు చెప్పింది. "సూదేసినంక గంటసేపు కదలొద్దు మేడం. ఫోన్ చూడొద్దు, మాట్లాడొద్దు. ఏ కండరం పనిచేస్తే మందు ఆడికే పోతది. గొంతు సుత అంతే."

"గంటా? ఈవిడా?" అన్నాడు హనుమత్ప్రసాద్.

"పందెం," అంది రత్నమాల. "గెలిస్తే నెల్లాళ్లు పొద్దుటి కాఫీ మీరు కలపాలి."

"ఓడితే?"

"ఇప్పుడు ఎవరు కలుపుతున్నారో వాళ్లే."

లోపల గదిలో రెండు పడక కుర్చీలు, మధ్యలో తెర. సూది పడిన మరుక్షణం ముక్కు దురద పెట్టింది. తర్వాత అరికాలు. బయట మెట్రో పోయిన ప్రతిసారీ కిటికీ సన్నగా అదిరింది. ఆ గదిలో కుదురుగా ఉన్నది కుర్చీ ఒక్కటే.

"అక్కా," అంది తెర అవతల గొంతు. "నేను భూలక్ష్మిని. నిద్ర వట్టిందా?"

రత్నమాల పెదవులు బిగించింది.

"నాకు షుగరని కోడలు చాయ్‌ల సుత చక్కెర ఎయ్యనియ్యదు. గీడ చూస్తే సూదితోని చక్కెర ఎక్కించిండ్రు. గిదేం దవాఖానో."

కెమిస్ట్రీకి ఇంత అన్యాయం జరుగుతుంటే ఎంతసేపని ఓర్చుకుంటుంది? గుసగుసలు మాటల కిందికి రావని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

"అది చాయ్‌లో చక్కెర కాదండీ. చక్కెరలో ఒక ముక్క తీసేసి, అక్కడ ఫ్లోరిన్ అని ఇంకోటి తగిలించారు. అది మెషీన్‌కి దీపంలా కనిపిస్తుంది. ఒంట్లో కణాలు నిజం చక్కెరే అనుకుని మింగుతాయి. తీరా మింగాక అరగదు, కక్కనూ లేవు. గడ్డలకి ఆశెక్కువ. ఎక్కువ మింగి, ఎక్కువ వెలిగి దొరికిపోతాయి."

"పెండ్లిల లడ్డూలు జేబుల దాసుకున్నోడు దొరికినట్టు."

"అచ్చం అలాగే."

భూలక్ష్మి గొంతు చిన్నదైంది. "ఇంటికి పోయినంక చింటుగాణ్ని ఎత్తుకోవద్దన్నరక్కా. నా మనుమడు. ఇగ ఎన్నడూ ఎత్తుకోవద్దేమోనని మస్తు బుగులైతుంది. అడిగితే ఏమనుకుంటరో అని అడగలే."

రత్నమాలకి పందెం గుర్తుకే రాలేదు. "మందు కిరణాలు పిల్లాడికి తగలకూడదని ఈ ఒక్క రోజేనండీ. రేపు పొద్దుటికి మందు జాడ కూడా ఉండదు. లేవగానే ఎత్తుకోండి."

ఆ తర్వాత చింటు అల్లరి, కోడలి చాయ్, ఎస్.ఆర్. నగర్‌లో కూరగాయల ధరలు అన్నీ గుసగుసగానే అయ్యాయి. మానస వచ్చి "మాట్లాడలేదు గదా మేడం?" అంటే రత్నమాల యోగినిలా తల అడ్డంగా ఊపింది.

స్కాన్లయ్యాక భూలక్ష్మిని ఇంటికి పంపేశారు. రత్నమాలను మాత్రం ఉండమన్నారు, డాక్టర్ మాట్లాడతారట. చెయ్యి మళ్లీ మెడ మీదికి పోయింది. హనుమత్ప్రసాద్ చేతిలో టోకెన్ ఉండలా నలిగిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డాక్టర్ ధాత్రి స్క్రీన్ వాళ్లవైపు తిప్పింది. "పాత గడ్డలున్న చోట ఏమీ లేదండీ. కానీ ఇదిగో, స్వరపేటిక దగ్గర వెలుగుంది. మాట్లాడితే ఇలా రావచ్చు. మీరు మాట్లాడలేదని మానస చెప్పింది. అలాగైతే లోపలికి గొట్టం వేసి చూడాలి."

హనుమత్ప్రసాద్ బల్ల అంచు పట్టుకున్నాడు. రత్నమాల ఆ చేతివేళ్లు చూసింది.

"మాట్లాడాను," అంది.

"కొంచెమా?"

"కొంచెమంటే ఈయన నమ్మరు. పాఠం చెప్పాను."

ధాత్రి స్క్రీన్ వైపు మరోసారి చూసి నవ్వింది. "రెండు పక్కలా సమానంగా ఉంది. మాటల వెలుగే. రిపోర్టులో అలాగే రాస్తాను."

బయటికొచ్చి ఆటో ఎక్కారు. "ఓడిపోయావు," అన్నాడు హనుమత్ప్రసాద్.

రత్నమాల నవ్వి, వేలు పెదవుల మీద పెట్టుకుంది. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటీ వెనక్కి పోతున్నాయి. ఆయన ఆమెకేసి చూశాడు, రోడ్డుకేసి చూశాడు, మళ్లీ ఆమెకేసి. అమీర్‌పేట సిగ్నల్ దాకా ఓర్చుకున్నాడు.

"రత్నా, కాఫీ నేనే కలుపుతాలే. ఏదో ఒకటి మాట్లాడు."