నోలా గీసిన ఆరు నిమిషాలు

ప్రొజెక్టర్ పళ్ళచక్రాన్ని బిగించి, ఆకురాయితో ఒక్కో పన్నూ సన్నం చేస్తున్నాడు మెర్విన్ పాస్కో. ముసలి ఫిల్ము కుంచించుకుపోతుంది. మామూలు పళ్ళ మీదికి ఎక్కిస్తే చిరుగుతుంది. అరవై దాటిన ఆయన చొక్కా నిండా చెడిన ఫిల్ముల వెనిగర్ కంపే. బ్రన్స్‌విక్ ట్రామ్‌లో పక్కవాళ్ళు వెనిగర్ చల్లిన వేడి చిప్స్ తెచ్చాడేమోనని ఆశగా చూస్తారు. జీవితమంతా ఇతరుల సినిమాలు ఆడించాడు గాని, తను ఏ ఆటా ఆడలేదు.

ఎదురుగా లొరైన్ కెసెల్, ఒళ్ళో రేకు డబ్బా. నోలా హార్టిగన్ యాభై ఏళ్ళ కిందట గోళ్ళరంగుతో నేరుగా ఫిల్ము మీదే గీసిన ఆరు నిమిషాల సినిమా అది. నకలు లేదు, శబ్దమూ లేదు. పోయిందనుకున్న దాన్ని ఓ చర్చి పాతసామాన్లలో పట్టుకుంది లొరైన్. దొరకనిదంటే ఆమెకు ప్రాణం. దొరికాక దొరసానిలా దాచడం మరీ ప్రాణం. నోలా మాత్రం కోబర్గ్‌లో, ఆఖరి రోజుల ఆసుపత్రిలో ఉంది.

"తెగితేనో?" అంది లొరైన్.

"తెగనీ. ఇంకో ఏడాది డబ్బాలో ఉంచితే మొత్తం వెనిగరే, చిప్స్ మీద చల్లుకోవడమే."

"నీకేం, నీ సొమ్మా!"

"గీసినావిడ చూడాలి. ఈరోజే చూడాలి. లే, పద."

ఆసుపత్రిలో నోలా మంచం ఎదుటి బీరువా తలుపే తెర. మిషన్ జరజరలాడింది. ఎర్రచుక్కలు ఉబికాయి. నోలా చప్పున పళ్ళసెట్టు ఊడదీసి గ్లాసులో పడేసింది.

"ఏమైంది నోలా?"

"ఇవి అడ్డంరా మెర్వ్. మూగ సినిమా అని ఎవడన్నాడు దీన్ని?"

"పుస్తకాలన్నిట్లో అలాగే ఉంది," అంది లొరైన్.

"ఆ పుస్తకాలు వచ్చి హాల్లో కూర్చున్నాయా? ప్రతి ఆటకీ తెర పక్కన నిలబడి కూసింది నేనే!"

ఎర్రచుక్కకు నాలుకతో టక్కుమంది. పచ్చగీతకు బూరలా కూసింది. నీలం ముద్దకు బుగ్గలు పూరించి బుడబుడలాడింది. మెర్విన్ వేళ్ళు ఫిల్ము అంచును వదల్లేదు. చివర్లో అది పుటుక్కుమంది. తలుపు తెల్లబోయింది. నోలా ఆగలేదు, సినిమా ఎక్కడ అవ్వాలో అక్కడిదాకా కూసి, కళ్ళు మూసుకుంది.

టీ తెచ్చిన నర్సు ఆమె మణికట్టు పట్టుకు చూసింది. కప్పు పక్కన పెట్టి, కిటికీ పరదా తీసింది. నోలా ఇక లేదు.

తెగిన ఫిల్మును చుడుతూ మెర్విన్ అడిగాడు. "ఆ కూత ఫోన్లో పట్టావా?"

లొరైన్ తల అడ్డంగా ఊపింది. "సినిమా చూస్తూండిపోయాను."

గ్లాసు నీళ్ళలో పళ్ళసెట్టు, కొంచెం తెరుచుకుని ఉంది.